రెండో తరగతి ప్లీడరు నుంచి రెవెన్యూ మంత్రి దాకా: ప్రకాశం పంతులు గారి పాలనలో వకీలు ఎక్కడ కనిపిస్తాడు?

నల్లకోటు రాశారు:

అందరికీ నమస్కారం. ఆగస్టు 23న టంగుటూరి ప్రకాశం పంతులు గారి జయంతి. మా బార్ అసోసియేషన్‌లో ప్రతి ఏడూ ఒక జూనియర్ చేత మాట్లాడిస్తారు, ఈసారి నా వంతు వచ్చింది. కాస్త టెన్షన్‌గానే ఉంది. ఏటా వినేది ఒకటే కథ: 1928 ఫిబ్రవరి 3, మద్రాసు, సైమన్ కమిషన్, తుపాకీకి ఎదురుగా రొమ్ము చూపడం. ఆ కథంటే నాకూ గౌరవమే. కానీ వినేవాళ్ళంతా వకీళ్ళు. ఆయన వకీలుగా ఏం చేశారు, శాసనసభకి వెళ్ళాక ఆ వృత్తి ఎందుకైనా అక్కరకొచ్చిందా, మంత్రిగా ఆయన వదిలివెళ్ళిన పని ఏది? ఇవి ఎవరూ చెప్పగా నేను వినలేదు. 1937లో రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రి, 1946లో మద్రాసు ప్రధాని (రాష్ట్ర ముఖ్యమంత్రిని అప్పుడు అలా అనేవారు), 1953లో ఆంధ్ర రాష్ట్రం తొలి ముఖ్యమంత్రి. ఈ పదవుల పట్టిక చదివేసి దిగిపోవడం నాకిష్టం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

గోదారిగట్టు రాశారు:

రాజమండ్రి నుంచి మొదలుపెట్టండి బాబూ. చాలామంది నేరుగా మద్రాసుకి దూకేస్తారు.

ఒంగోలులో తల్లి సుబ్బమ్మ గారు పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని పెంచిన సంగతి అందరికీ తెలుసు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారనే మాస్టారు చేరదీసి, తనతో పాటు రాజమండ్రి తీసుకొచ్చారు. చదువు, నాటకాలు, ఊళ్ళో గొడవలు, అన్నీ ఇక్కడే. ప్లీడరు అయ్యాక పేరు, డబ్బు రెండూ బాగా వచ్చాయి. మునిసిపల్ ఛైర్మన్ కూడా అయ్యారు.

అయితే ఆయన రెండో తరగతి ప్లీడరు. పై కోర్టుల్లో నిలబడి వాదించే అర్హత లేదు. కేసు తయారుచేసేది ఈయన, అప్పీలుకి వెళ్తే కాయితాలు మద్రాసు పట్టుకెళ్ళి ఇంకో పెద్ద వకీలు చేతిలో పెట్టాలి. అలా వెళ్ళినప్పుడే ఒక బారిస్టరు ఈయన తెలివి చూసి, నువ్వూ బారిస్టరువి కారాదా అన్నాడని చెబుతారు. ఊళ్ళో ఛైర్మన్ గిరీ, చేతినిండా కేసులు, ముప్పై దాటిన వయసు. అన్నీ ఉన్న మనిషి 1904లో ఓడెక్కి ఇంగ్లండు వెళ్ళిపోయారు. మాంసం, మద్యం, పొగ ముట్టనని తల్లికి మాటిచ్చి మరీ వెళ్ళారు.

నా ఉద్దేశంలో మీరు అడిగినదానికి సగం జవాబు ఇక్కడే ఉంది. కింది కోర్టులో పనిచేసిన వకీలుకి కాయితం విలువ తెలుస్తుంది. సాక్షి నోట మాట రాబట్టడం తెలుస్తుంది. నేరుగా బారిస్టరై దిగినవాళ్ళకి ఆ అనుభవం ఉండదు.

బ్రాడీపేట_వకీలు రాశారు:

గోదారిగట్టు గారు చెప్పింది నిజం. దానికి రెండు ముక్కలు కలుపుతాను.

1907లో తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు పెట్టారు. అప్పటిదాకా అక్కడ తెల్ల బారిస్టర్లదీ, తమిళ వకీళ్ళదీ రాజ్యం. తెలుగు బారిస్టరుగా అక్కడ నిలదొక్కుకోవడమే కష్టం. ఆ ఏడే బిపిన్ చంద్రపాల్ మద్రాసు వచ్చి ఉపన్యాసాలిచ్చారు. సభకి అధ్యక్షత వహించడానికి చాలామంది జంకితే ప్రకాశం కూర్చున్నారు. 1911లో తిరునల్వేలి కలెక్టరు ఆష్‌ని మణియాచ్చి స్టేషన్‌లో వాంచినాథన్ కాల్చి చంపిన కేసు ఉంది కదా, అందులో ముద్దాయిల తరఫున నిలబడ్డ వకీళ్ళలో ఆయన ఒకరు. ఆ రోజుల్లో తెల్ల కలెక్టరు హత్య కేసులో వకాల్తా వేయడమంటే రేపటి ప్రాక్టీసు ఏమవుతుందో అని ఆలోచించాల్సిన పని. లా టైమ్స్ అనే న్యాయ పత్రికనీ నడిపారు.

1921లో అదంతా వదిలేశారు. సహాయ నిరాకరణ పిలుపుకి కోర్టు మానేసి, స్వరాజ్య పత్రిక పెట్టి, సంపాదించిందంతా అందులో పోశారు. ఇంగ్లీషు, తెలుగు, తమిళం మూడు భాషల్లో నడిపారు. చివరికి ఆస్తి మిగల్లేదు, పత్రికా మిగల్లేదు.

జయంతి సభలో ఇది తప్పకుండా చెప్పండి. మన వృత్తిలో వచ్చిన సంపాదనని ఒక నమ్మకం కోసం అంత మొత్తంగా ధారపోసిన మనిషి ఇంకొకరు నాకు గుర్తుకు రావడం లేదు.

పాతదస్త్రం రాశారు:

నేను రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యాను. పంతులు గారి మంత్రి పదవి గురించి నాకు తెలిసినది పుస్తకాల్లో చదివింది తక్కువ, రికార్డు రూముల్లో చూసింది ఎక్కువ. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

1937 ఎన్నికల్లో మద్రాసు అసెంబ్లీ 215 సీట్లలో కాంగ్రెస్‌కి 159 వచ్చాయి. జూలైలో రాజాజీ ప్రభుత్వం ఏర్పడింది. ప్రకాశం గారికి రెవెన్యూ ఇచ్చారు. ఆయన మొట్టమొదట పట్టుకున్నది జమీందారీ సమస్యని. ఉభయ సభల సభ్యులతో ఒక కమిటీ వేశారు, దానికి ఆయనే అధ్యక్షుడు. 1938 నవంబరులో రిపోర్టు వచ్చింది.

ఇక్కడ వకీలు ఎలా పనిచేశాడో చూడండి. జమీందార్ల వాదన ఏమిటి? 1802లో కుంపిణీ వాళ్ళు, అంటే ఈస్టిండియా కంపెనీ, శాశ్వత పరిష్కారం చేసి మాకు సన్నదు, అంటే హక్కు పత్రం, ఇచ్చారు, భూమి మాది, రైతు మా దగ్గర సాగు చేసుకునేవాడు అని. నూరేళ్ళు కోర్టుల్లో అదే పాట. రైతుల పట్ల జాలి ఉన్న నాయకుడు ఎవరైనా అయితే, పాపం రైతు నలిగిపోతున్నాడు, శిస్తు తగ్గించండి అని వేడుకుంటాడు. ప్రకాశం అలా అడగలేదు. ప్రత్యర్థి చూపించే దస్తావేజునే చేతిలోకి తీసుకున్నారు. 1802 నాటి 25వ రెగ్యులేషన్‌లో, సన్నదులో, సర్కారు జమీందారుకి ఇచ్చింది ఏమిటి? శిస్తు వసూలు చేసుకునే హక్కు, దాన్లోంచి సర్కారుకి పేష్కష్, అంటే ఏటా ఖాయమైన కప్పం, కట్టే బాధ్యత. భూమి సర్కారుది అయితే కదా ఇంకొకరికి ఇవ్వడానికి! రైతు అంతకుముందే దాని మీద ఉన్నాడు. పైగా 1822లో 4వ రెగ్యులేషన్ తెచ్చి, 1802 శాసనాలు రైతుల హక్కుల్ని నిర్ణయించడానికో తగ్గించడానికో చేసినవి కావని కుంపిణీ వాళ్ళే విడమరిచి చెప్పారు. ఆ కాయితాన్ని పైకి తీసి బల్ల మీద పెట్టారు.

దాని మీదే రెండో మెట్టు. జమీందారు సర్కారుకి కట్టే పేష్కష్ శాశ్వతంగా ఖాయమైంది, పైసా పెరగదు. మరి రైతు జమీందారుకి కట్టే శిస్తు మాత్రం ఏటేటా ఎందుకు పెరగాలి? ఒకే ఏర్పాటులో ఒక చివర బిగించి రెండో చివర వదిలేయడం ఎక్కడి న్యాయం? కాబట్టి శిస్తుని శాశ్వత పరిష్కారం నాటి స్థాయికి దించాలి అన్నారు. చెరువులు, అడవులు, పశువుల బీళ్ళ మీద రైతుకున్న హక్కుల్నీ వదల్లేదు.

కోర్టు భాషలో చెప్పాలంటే ఆయన టైటిల్ సూట్, అంటే భూమి ఎవరిదో తేల్చే దావా, నడిపారు. వాది జమీందారీ రైతాంగం. ప్రతివాదులు బొబ్బిలి, పిఠాపురం, వెంకటగిరి లాంటి సంస్థానాలు. సాక్షులుగా జమీందార్లూ వచ్చారు, రైతులూ వచ్చారు. సైమన్ కమిషన్ నాటి ధైర్యానికి నేనూ దణ్ణం పెడతాను. కానీ ఆయన చేసిన అసలు పని ఈ రిపోర్టే అని నా గట్టి అభిప్రాయం.

రైతుబిడ్డ_దివిసీమ రాశారు:

పాతదస్త్రం గారూ, మీరంటే గౌరవం ఉంది గానీ ఘనత అంతా మంత్రి గారి వకీలు తెలివికి కట్టబెడితే నేను ఒప్పుకోను.

మాది చల్లపల్లి ఎస్టేటు కిందికి వచ్చిన ప్రాంతం. జమీందారీ పోయింది ఒక రిపోర్టు వల్ల కాదండీ. కమిటీ వేయక ముందు నుంచే రైతు సంఘాలు ఊరూరా తిరిగాయి. రైతు నాయకుడు ఎన్.జి. రంగా గారు, కమ్యూనిస్టులు, ఊళ్ళలోని చిన్న చిన్న నాయకులు ఎంతమందో. 1937–38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతు రక్షణ యాత్ర అని కాలినడకన వెళ్ళారు. మునగాలలో, కాళీపట్నంలో రైతులు దెబ్బలు తిన్నారు, జైళ్ళకి వెళ్ళారు. మందసలో 1940లో వీర గున్నమ్మ పోలీసు కాల్పుల్లో చనిపోయింది. మీరు చెప్పే రిపోర్టు అప్పటికి బీరువాలో ఉంది. 1939 అక్టోబరులో యుద్ధం పేరుతో మంత్రివర్గం రాజీనామా చేసి వెళ్ళిపోతే, రిపోర్టు చట్టం కాకుండానే ఆగిపోయింది కదా?

పాతదస్త్రం రాశారు:

మీరు చెప్పినవన్నీ జరిగినవే. గున్నమ్మ పేరు తలవకుండా జమీందారీ రద్దు గురించి మాట్లాడకూడదు. ఉద్యమం లేకపోతే ఆ కమిటీయే పడేది కాదు.

అయితే ఒక్క సంగతి. ఉద్యమం వేడి చల్లారాక ఊళ్ళో మిగిలేది కాయితం. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది, 26వ నంబరు చట్టం. అప్పటికి ప్రకాశం గారు పదవిలో లేరు, ఓమందూరు రామస్వామి రెడ్డియార్ ప్రభుత్వం, కళా వెంకటరావు గారు రెవెన్యూ మంత్రి. పరిహారమిచ్చి ఎస్టేట్లని సర్కారు స్వాధీనం చేసుకునే పద్ధతి ఈ చట్టంలో వచ్చింది. 1938 రిపోర్టు జోరంతా రైతు హక్కు మీద, శిస్తు మీద. ఈ తేడా నల్లకోటు గారు సభలో స్పష్టంగా చెప్పాలి, లేకపోతే ఏ సీనియరో లేచి అడుగుతారు.

కానీ రైతు తన సొంత హక్కుతో పట్టాదారు అవుతాడు, దయాధర్మంగా కాదు అనే ఆలోచన సర్కారు దస్త్రంలోకి బలంగా ఎక్కింది 1938లోనే. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎస్టేటు గ్రామాల సెటిల్మెంట్ ఫెయిర్ అడంగల్ తీసి చూసేవాణ్ణి. అంచులు పొడిపొడిగా రాలిపోయే పెద్ద పుస్తకం. సర్వే నంబరు, విస్తీర్ణం, భూమి రకం, ఆ పక్కన పట్టాదారు పేరు. అంతకుముందు జమీందారీ లెక్కల్లో శిస్తు బాకీదారుగా కనిపించిన మనిషే ఇక్కడ పట్టాదారు గడిలోకి వచ్చి కూర్చుంటాడు. ఇంటి పేరుతో సహా, గుండ్రటి చేతిరాతతో. ఆ గడిలోకి ఆ పేరు రావడం వెనక మీ ఊరి ఉద్యమమూ ఉంది, మద్రాసులో ఒక మంత్రి పాత రెగ్యులేషన్లు తిరగేసిన రాత్రులూ ఉన్నాయి.

రైతుబిడ్డ_దివిసీమ రాశారు:

ఆ మాట ఒప్పుకుంటాను. మా తాతగారి పట్టా చూశాను నేను, అది ఇంట్లో ఇనప్పెట్టెలోనే ఉండేది. రెండూ చెబితే నాకు అభ్యంతరం లేదు. ఒకటి చెప్పి రెండోది మింగేస్తేనే బాధ.

టీచరమ్మ_చరిత్ర రాశారు:

చర్చ బాగా నడుస్తోంది. ఆ 1937 మంత్రివర్గంలో ఇంకో తెలుగు వకీలు ఉన్నారు, వి.వి. గిరి గారు. ఆయన డబ్లిన్‌లో లా చదువుతూ ఐర్లండు స్వాతంత్ర్య పోరాటం వైపు వెళ్ళి, అక్కడి నుంచి పంపేస్తే వచ్చి బరంపురంలో ప్రాక్టీసు పెట్టారు. అంతకుముందు మద్రాసు ప్రధానిగా చేసిన బొబ్బిలి రాజాని 1937లో బొబ్బిలిలోనే ఓడించారు. కార్మిక, పరిశ్రమల శాఖ తీసుకున్నారు.

ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఆసక్తిగా ఉంటుంది. గిరి గారు కార్మికుల తగాదాలు కోర్టుదాకా పోకుండా యజమానులూ కార్మికులూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలనే పద్ధతి మనిషి. ప్రకాశం గారిది తీర్పు కావాలి అనే పద్ధతి. ఎవరిది ఒప్పు అని తేల్చుకోందే ఆయనకి నిద్ర పట్టదు. శాఖని బట్టి రెండూ అవసరమే అనుకుంటాను. జమీందారీలో రాజీ కుదిర్చి ఉంటే రైతు ఇంకో యాభై ఏళ్ళు శిస్తు కడుతూ ఉండేవాడు.

పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు నేను దామోదరం సంజీవయ్య గారి గురించి కూడా చెబుతాను. పెదపాడులో పుట్టి, మద్రాసులో లా చదివి, వకీలుగా మొదలుపెట్టిన కొద్దికాలానికే చట్టసభకి, 1952లో రాజాజీ మంత్రివర్గానికి, 1960లో ముఖ్యమంత్రి పదవికి వచ్చారు. దేశంలో దళితుడు ముఖ్యమంత్రి కావడం అదే మొదలు. అదో పెద్ద కథ, ఇంకో చర్చలో మాట్లాడుకుందాం.

ఎర్రమందారం రాశారు:

ప్రకాశం గారి 1938 రిపోర్టుని నేనూ గౌరవిస్తాను. కానీ జయంతి సభ అంటే పూలదండ ఒక్కటే అయితే ఎలా? 1946 ఏప్రిల్ 30న ఆయన మద్రాసు ప్రధాని అయ్యారు. 1947 జనవరిలో శాంతి భద్రతల ఆర్డినెన్సు తెచ్చి, విచారణ లేకుండా కమ్యూనిస్టుల్ని, కార్మిక నాయకుల్ని జైళ్ళలో పెట్టించారు. ఒకప్పుడు ఆష్ కేసులో ముద్దాయిల పక్కన నిలబడ్డ వకీలే ఆయన. విచారణ లేని నిర్బంధాన్ని బ్రిటిష్ వాళ్ళ చేతుల్లో స్వయంగా అనుభవించినవారు, 1942 నుంచి మూడేళ్ళు జైల్లో ఉన్నారు. అలాంటి మనిషి సంతకం ఆ ఆర్డినెన్సు వెనక ఉండటం నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది. సభలో ఈ మాటా రావాలి.

ఒంగోలుగిత్త రాశారు:

ఎర్రమందారం అన్నా, నువ్వు చెప్పిన ఆర్డినెన్సు సంగతి కాదనను. కానీ ఆ పదకొండు నెలలు ఆయన్ని ఎవరు సవ్యంగా పనిచేయనిచ్చారు? ఢిల్లీ పెద్దలకి రాజాజీ కావాలి. ఇక్కడి శాసనసభ్యులు ప్రకాశాన్ని ఎన్నుకున్నారు. మొదటి రోజు నుంచీ సొంత పార్టీలోనే వర్గాలు. 1947 మార్చిలో దింపేసింది ప్రతిపక్షం కాదు, సొంత పార్టీయే.

అందులోనూ ఆయన చేసినవి చూడు. ఫిర్కాల (కొన్ని ఊళ్ళ గుంపుల) వారీగా గ్రామాభివృద్ధి పథకం పెట్టారు. ఖద్దరు మీద నమ్మకంతో కొత్త బట్టల మిల్లులకి అనుమతి వద్దన్నారు. మిల్లు యజమానులు ఊరుకుంటారా? పత్రికలు ఊరుకుంటాయా? ఆయన నమ్మింది చేశారు, మూల్యం చెల్లించారు. మా ఒంగోలు గడ్డ మీద ఆయన పేరు జిల్లాకి పెట్టుకున్నామంటే ఊరికే పెట్టుకోలేదు.

బ్రాడీపేట_వకీలు రాశారు:

గిత్త గారి ఆవేశం అర్థమవుతుంది. నేను వేరే కోణంలో చెబుతాను.

వకీలుకి ఒక కేసు, ఒక ఫైలు, ఒక ప్రత్యర్థి. అదే పద్ధతి రెవెన్యూ మంత్రిగా ఆయనకి బ్రహ్మాండంగా పనికొచ్చింది. జమీందారీ అనేది ఒకే పెద్ద కేసు, ఆయన దాన్ని వాదించారు. ప్రధానిగా, ముఖ్యమంత్రిగా చేయాల్సిన పని అది కాదు. అక్కడ రోజూ పదిమందిని కలుపుకుపోవాలి. ఒకరికి ఒకటి వదిలేయాలి, ఇంకొకరి దగ్గర ఒకటి తెచ్చుకోవాలి. తన పక్షాన న్యాయం ఉందని తెలిశాక ఆయన ఒక్క అడుగు వెనక్కి వేయరు. కోర్టులో అది గుణం. శాసనసభా పక్షం సమావేశంలో అదే ఆయన్ని ఒంటరివాణ్ణి చేసింది. 1947లో అదే జరిగింది, 1954లోనూ అదే జరిగింది.

ఎర్రమందారం గారు ఎత్తిన ఆర్డినెన్సు విషయంలో నేను ఆయన్ని సమర్థించను. వకీలుగా ఉన్న ఎవరూ సమర్థించకూడదు.

గోదారిగట్టు రాశారు:

1954 సంగతి వచ్చింది కాబట్టి అది కూడా పూర్తిగా చెప్పుకుందాం, దాన్ని చాలామంది సగమే చెబుతారు.

1951లో కాంగ్రెస్ వదిలి ప్రజాపార్టీ పెట్టారు, తర్వాత కృపలానీతో కలిసి కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీ. 1952 ఎన్నికల్లో మద్రాసు అసెంబ్లీ 375 సీట్లలో కాంగ్రెస్‌కి 152 మాత్రమే వచ్చాయి. కమ్యూనిస్టులతో సహా 166 మంది ప్రకాశం నాయకత్వంలో ఐక్య ప్రజాస్వామ్య కూటమి కట్టారు. ఎర్రమందారం గారు గమనించాలి, 1947లో ఎవరిని జైల్లో పెట్టారో వాళ్ళే 1952లో ఆయన్ని నాయకుడన్నారు. గవర్నరు మాత్రం రాజాజీని పిలిచారు.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఎనభై దాటిన వయసులో ఆయన ముఖ్యమంత్రి, నీలం సంజీవరెడ్డి గారు ఉప ముఖ్యమంత్రి. ఆఫీసులకి గుడారాలు వేసుకున్న రోజులవి. 140 మంది సభ్యుల సభ, ఎప్పుడు ఎవరు ఎటు ఉంటారో తెలియదు.

మద్య నిషేధం మద్రాసు రాజ్యం నుంచి వారసత్వంగా వచ్చింది. 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో రాజాజీ మొదలుపెట్టిన కార్యక్రమమే మెల్లగా రాష్ట్రమంతా పాకింది. కల్లుగీత కార్మికులు బతుకు పోయి రోడ్డున పడ్డారు, గౌతు లచ్చన్న గారు వాళ్ళ తరఫున పోరాడారు. రామమూర్తి కమిటీ వేస్తే, నిషేధం ఎత్తేయమని సిఫార్సు చేసింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. నవంబరులో అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది, ప్రభుత్వం పడిపోయింది.

ఆయనే వేసిన కమిటీ చెప్పిన మాట ఆయన విననప్పుడు, బ్రాడీపేట గారు చెప్పిన ఆ మొండితనమే నాకు కనిపిస్తుంది. కల్లుగీతవాడి బతుకు గురించి ఆయనకి తెలియకనా? తెలుసు. గాంధీ గారికి ఇచ్చిన మాట దగ్గర ఆగిపోయారు.

టీచరమ్మ_చరిత్ర రాశారు:

ఆ పదమూడు నెలల్లో జరిగినవి కూడా చెప్పండి మరి. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో వచ్చింది. 1952లో బెజవాడ దగ్గర కృష్ణ పాత ఆనకట్టకి గండి పడితే, కొత్త బ్యారేజీ పని 1954లో మొదలైంది. అది 1957లో పూర్తయ్యేనాటికి ఆయన లేరు, మే 20న పోయారు. బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు.

బ్రాడీపేట_వకీలు రాశారు:

మా గుంటూరు వాళ్ళకి ముఖ్యమైనది ఒకటి వదిలేశారు టీచరమ్మ గారూ. హైకోర్టు.

1954 జూలై 5న ఆంధ్ర హైకోర్టు గుంటూరులో మొదలైంది. కోకా సుబ్బారావు గారు తొలి ప్రధాన న్యాయమూర్తి. తర్వాత దేశానికే ప్రధాన న్యాయమూర్తి అయ్యారు, 1967లో గోలక్‌నాథ్ తీర్పు ఆయన హయాంలోనే వచ్చింది. గుంటూరులో ఆ కోర్టు ఉన్నది రెండేళ్ళ పైచిలుకే, 1956లో హైదరాబాదు వెళ్ళిపోయింది. ఐనా మా సీనియర్లకి సీనియర్లు ఆ రోజుల గురించి చెబుతుంటే వినాలి. మద్రాసు రైలు ఎక్కకుండా మన ఊళ్ళో మనం అప్పీలు వాదించుకోవడం. ఒకప్పుడు పై కోర్టులో నోరు తెరిచే అర్హత లేక కాయితాల కట్ట పట్టుకుని మద్రాసు వెళ్ళిన రెండో తరగతి ప్లీడరు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు తెలుగువాళ్ళకి సొంత హైకోర్టు వచ్చింది. నల్లకోటు గారూ, వకీళ్ళ సభలో ఇది చెబితే అందరూ నిటారుగా కూర్చుంటారు.

నల్లకోటు రాశారు:

అందరికీ చాలా చాలా థాంక్స్. ప్రసంగం రూపు తేలింది. రాజమండ్రిలో మొదలుపెడతాను, ఎక్కువ సమయం 1938 రిపోర్టుకే ఇస్తాను, రైతు యాత్ర గురించీ గున్నమ్మ గురించీ దాన్లోనే చెబుతాను. 1947 ఆర్డినెన్సు తప్పించను. గుంటూరు హైకోర్టుతో ఆపేస్తాను.

పాతదస్త్రం మాస్టారూ, మిమ్మల్ని ఇంకొకటి అడగాలి. ఇది ప్రసంగానికి సంబంధించింది కాదు. మా సీనియర్ దగ్గర ఒక దావా ఉంది, పాత ఎస్టేటు గ్రామంలో భూమి. అవతలి పక్షం జమీందారు వారసుల దగ్గర కొన్నామంటోంది. మా పార్టీ తాతల నాటి నుంచి సాగు మాదే అంటున్నాడు. ఏ కాయితం ముందు చూడాలి?

పాతదస్త్రం రాశారు:

నల్లకోటు గారూ, ముందు ఆ సర్వే నంబరు 1948 చట్టం కింద ఏ లెక్కలోకి వచ్చిందో తేల్చండి. జిరాయితీ భూమి, అంటే రైతు హక్కుతో సాగు చేసుకునేది, అయితే సెక్షన్ 11 కింద పట్టా రైతుకి వెళ్తుంది. జమీందారు సొంత కమతమైతే సెక్షన్ 12 కింద ఆయనకే పట్టా దక్కుతుంది. మీ కేసు మొత్తం ఈ రెండిటి మధ్యే తిరుగుతుంది. అవతలివాళ్ళు సొంత కమతం అంటారు, ఎప్పుడూ అదే అంటారు. జమీందారు తన అరకలతో, తన పాలేళ్ళతో నిజంగా సాగు చేయించాడా అన్నది వాళ్ళు రుజువు చేసుకోవాలి. పాత సేల్ డీడులో కమతం అని రాసుకున్నంత మాత్రాన అయిపోదు.

సెటిల్మెంట్ ఫెయిర్ అడంగల్ సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. పట్టాదారు గడిలో ఎవరి పేరుందో, రిమార్కుల గడిలో ఏముందో రెండూ చూడండి. చాలామంది రెండోది చదవరు. సెక్షన్ 15 కింద సెటిల్మెంట్ అధికారి విచారణ ఏదైనా జరిగి ఉత్తర్వు ఉంటే అది అన్నిటికన్నా ముందు కావాలి, మీ పార్టీకి అనుకూలంగా ఉన్నా వ్యతిరేకంగా ఉన్నా. రిటన్ స్టేట్‌మెంట్ (దావాకి మీ లిఖిత జవాబు) వేసేలోపే ఇవన్నీ చేతిలో ఉండాలి. కాపీ వచ్చాక రిమార్కుల్లో అర్థం కానిది ఏదైనా ఉంటే, పార్టీల పేర్లు తీసేసి ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.